ట్రీకిల్ తోకకు ఎర్ర రిబ్బను

మా ఆదివారం గుర్రాల జట్టులో ఎవరినైనా సరే, ఎనిడ్ ప్రాసర్ ఎలా ఉంటుందని అడిగితే టకటకా చెబుతారు. పొట్టి మనిషి, ఎర్రటి బుగ్గలు, ఎండైనా వానైనా అదే ఆకుపచ్చ కోటు, కింద ముదురు గోధుమరంగు ఆడగుర్రం, మా గోడిగ. ఆవిడ గొంతు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. పదేళ్ళపాటు మాతో కలిసి ఈ ష్రాప్‌షైర్ కొండలన్నీ ఎక్కి దిగిన మనిషి గొంతు ఎవరికీ తెలియదు.

నాకు తెలుసు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క పొదల కంచె. పొద్దున్నే నేను టీ కప్పుతో వాకిట్లోకి వచ్చేసరికి అవతల నుంచి ఆవిడ మాటలు వినిపిస్తుంటాయి. మాట్లాడేది గుర్రంతో.

"లే తల్లీ, ఎంతసేపు పడుకుంటావు? ఎవరన్నా చూస్తే ఎనిడ్ ఇంట్లో గుర్రం కూడా బద్ధకిష్టిదే అనుకోరూ? ఇదిగో క్యారెట్టు. మొహం అలా పెట్టకు, నిన్నటిదాని కంటే ఇదే పెద్దది."

ఎక్కడా తడబాటు ఉండదు. అదే ఆవిడ ముందుకు మనిషెవరన్నా వస్తే మాత్రం మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుపోతుంది. ఎనిడ్‌కు చిన్నప్పటి నుంచీ నత్తి. ఉద్యోగమంతా ఊరి బడి వంటింట్లో చేసింది. అక్కడ ఆవిడ తరఫున గరిటె మాట్లాడేది. ఏ పిల్లకి ఇంట్లో సరిగ్గా తిండి లేదో ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, ఆ పిల్ల కస్టర్డు గిన్నెలో ఇంకో గరిటె వేసేది. ఈ లోయలో ఇప్పుడు నడివయసులో ఉన్నవాళ్ళలో సగంమంది ఎనిడ్ చేతి గ్రేవీ తిని పెరిగినవాళ్ళే.

రిటైరైన ఏడాది, దాచుకున్నదంతా పెట్టి ట్రీకిల్‌ను కొనుక్కుంది. ట్రీకిల్ అంటే ముదురు గోధుమరంగు పాకం, మా అమ్మలు చలికాలంలో కేకుల్లో పోసేది. గోడిగ రంగూ అదే, నడకా అదే, నిదానంగా సాగుతుంది. నత్తి ఉన్నవాళ్ళకు ఆ 'ట్రీ' కొరకరాని కొయ్య. "దాని పేరు మార్చేయవే, ఏ మోలీ అనో పెట్టుకో" అన్నాను. ఎనిడ్ తల అడ్డంగా ఊపింది. గుర్రానికి పేరు మారిస్తే అరిష్టమని మా వైపు నమ్మకం, అది నాకూ ఉంది కాబట్టి ఇంక వాదించలేదు.

రిబ్బను కథ మొదలైంది హిలరీ బెడోస్ వల్ల. హిలరీ మా జట్టుకు పెద్ద దిక్కు. ఏ ఆదివారం ఏ దారిన వెళ్ళాలో, ఏ రైతు పొలంలో గొర్రెలు ఈనుతున్నాయో, మధ్యాహ్నం ఎక్కడ దిగి తినాలో అన్నీ ఆవిడే చూస్తుంది. నా పొట్టి గుర్రం మేజర్ ఒకసారి బురదగుంటలో కూలబడితే, తన కొత్త కోటుతో సహా దిగి దాన్ని తోసింది హిలరీయే. అంత మంచి మనిషికి జబ్బు ఒకటే. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం తను పూర్తిచేస్తుంది. చర్చిలో ప్రార్థన కూడా పాదిరిగారి కంటే ఒక మాట ముందే ముగిస్తుంది.

ఎనిడ్ మొట్టమొదటిసారి ట్రీకిల్‌నెక్కి మా జట్టులోకి వచ్చిన రోజు, హిలరీ మామూలుగానే కొత్తవాళ్ళను అడిగేదే అడిగింది.

"రా రా ఎనిడ్! ఎంత ముద్దుగా ఉందో! దీని సంగతేంటి? వెనక ఎవరన్నా వస్తే తంతుందా?"

"త... తన్... తన్న..."

"తన్నడం అలవాటా! అయ్యో, ముందే చెప్పొద్దూ!"

ఎనిడ్ 'దు' దగ్గరికి వచ్చేలోపల హిలరీ జేబులోంచి ఎర్ర రిబ్బను తీసి ట్రీకిల్ తోకకు కట్టేసింది కూడా.

తోకకు ఎర్ర రిబ్బను పడ్డ గుర్రానికి మా దగ్గర విచారణ లేదు. తన్నే గుర్రం, అంతే. అది వరసలో అందరికంటే చివర నడవాలి. దాని పక్కకీ వెనక్కీ ఎవరూ పోకూడదు. చివర ఉన్నవాళ్ళే గేట్లు మూయాలి గనక, ఆ రోజు నుంచీ ఈ కొండల మీది గేట్లన్నీ ఎనిడ్ వాటాకొచ్చాయి. ప్రతి గేటు దగ్గరా మేం ముందుకెళ్ళి ఆగుతాం, ఆవిడ జీను మీంచి వంగి గడియ వేసి తలూపుతుంది, మేం కదులుతాం.

మర్నాడు కంచె అవతల తీగ మీద ఆ ఎర్ర రిబ్బను ఉతికి ఆరేసి కనిపించింది. సాయంత్రానికి ఇస్త్రీ కూడా అయింది. నేను కంచె మీంచి తల పెట్టి చూస్తే, ట్రీకిల్ వెనక కాళ్ళ మధ్య ఎనిడ్ కోళ్ళు రెండు మట్టిలో పొర్లుతున్నాయి. గోడిగ కళ్ళు మూసుకుని కునుకుతోంది.

"ఒసేయ్ ఎనిడ్, నీ గుర్రం కాళ్ళ మధ్య కోళ్ళు సంసారం చేస్తున్నాయి. అది తన్నడమేంటే?"

"త... తన్నదు."

"మరి ఆ హిలరీకి చెప్పవేం? నేను చెప్పనా?"

"వ... వద్దు." ఆవిడ చేతిలోని బ్రష్షును అటూ ఇటూ తిప్పింది. నా దగ్గర నత్తి కొంచెం తక్కువ, నేను తొందరపెట్టనని కాదు, అలవాటైపోయాను. "రిబ్బను చూసి పక్కకి ఎవరూ రారు. మా... మాట్లాడక్కర్లేదు. నిన్న ఎంత హా... హాయిగా ఉందో. చెప్పకు, బెరిల్."

మా ఆదివారాలంటే స్వారీ సగం, కబుర్లు సగం. రెండేసి గుర్రాలు పక్కపక్కన నడుస్తుంటే, పైన కూర్చున్నవాళ్ళు కోడళ్ళ గురించీ కీళ్ళ నొప్పుల గురించీ చెప్పుకుంటూ పోవడమే. ఆ కబుర్లకు భయపడే ఎనిడ్ మాతో కలవడానికి ఏళ్ళ తరబడి వెనకాడింది. రిబ్బను ఆవిడకు గొడుగులా దొరికింది. అడ్డం చెప్పడానికి నేనెవర్ని? సరేనన్నాను. అన్న మాట మీద నిలబడ్డాను కూడా, అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

పుకారుకు మేత వెయ్యక్కర్లేదు, దానంతటదే మేస్తుంది. రెండో ఏడాదికల్లా ట్రీకిల్ పోస్టు వ్యాను తలుపు సొట్టపోయేలా తన్నిందన్నారు. నాలుగో ఏడాదికి లడ్లో పట్నంలో ఒక పెద్దమనిషి పళ్ళు రాలగొట్టిందన్నారు. పందుల ఫారం టెరెన్సైతే కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ప్యాంటు కాలు పైకి లాగి మోకాలి మీద మచ్చ చూపించేవాడు. "ఇదిగో, ట్రీకిల్ ముద్దు పెట్టిన చోటు." ఆ మచ్చ అతను పబ్బులోంచి ఇంటికెళ్తూ కంచె దాటబోయి పడ్డప్పటిది, పట్టుకు లేపింది నా మొగుడే. ఇవన్నీ విని ఎనిడ్ వెనక నుంచి చిన్నగా నవ్వుకునేది. గోడిగ మెడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పేది. బహుశా క్షమాపణ.

అలా సాగిపోయేదే, ఎనిడ్ తుంటి ఎముక అరిగిపోకుండా ఉంటే. ఈ వసంతంలో జీను ఎక్కడానికి ఆవిడ పడే అవస్థ చూడలేక నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నడవండి, ఎంత నడిస్తే అంత మంచిది, గుర్రం మాత్రం ఈ వేసవితో ఆఖరు అన్నాడాయన.  తిరిగొచ్చి ఇంటి ముందు కారు దిగుతూ ఎనిడ్ అడిగింది.

"ట్రీ... ట్రీకిల్ ఏమవుతుంది?"

 పని లేకుండా పచ్చిక మీద వదిలేస్తే అలాంటి గుర్రం కొవ్వెక్కి డెక్కలు పాడుచేసుకుంటుంది. అమ్ముదామంటే, ఎర్ర రిబ్బను పేరు లోయ దాటి వేల్స్ దాకా పాకిపోయింది. తన్నే గుర్రాన్ని, అందులోనూ వయసు మళ్ళుతున్నదాన్ని, స్వారీకి ఎవరు కొంటారు? సంతలో ఇంకో రకం కొనేవాళ్ళుంటారు. వాళ్ళు గుర్రాన్ని తూకం వేసి కొంటారు. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు.

అలాంటప్పుడు కొండ అవతలి నుంచి గ్విలిమ్ ప్యూ కబురు పెట్టాడు. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలకు మంగళవారాలు గుర్రపుస్వారీ చేయిస్తాడాయన. ఆయన ముసలి గుర్రం పోయింది, సాధువైన గుర్రం ఇంకొకటి కావాలి, మీ జట్టులో ఎవరన్నా ఇస్తారా అని. దాన్ని చూసుకునే మనిషి కూడా వస్తే మరీ సంతోషమన్నాడు. ఆగస్టు ఆఖరి ఆదివారం హిలరీ పొలంలో మా విందు ఉంటుంది, ఆ రోజు వచ్చి చూస్తానన్నాడు.

నేను పరుగున ఎనిడ్ దగ్గరికెళ్ళాను. "ఇదే నీ అవకాశం. హిలరీకి నేను చెప్పేస్తాను, ఇప్పుడే."

"నువ్వు కాదు," అంది ఎనిడ్. "పే... పేరు పాడవుతుంటే చూస్తూ ఊరుకున్నది నేను. నేనే చె... చెబుతాను."

"అందరి ముందా? నువ్వా?"

తలూపింది. ఆ వారమంతా రాత్రీ పగలూ కంచె అవతల సాధన నడిచింది. గుర్రం ముందు ఆ మాటలు పూసల్లా జారేవి. దాని ముందు ఎలాగూ జారతాయి, అదేగా చిక్కు.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. హిలరీ పొలంలో బల్లల మీద పందిమాంసం కూరిన పోర్క్ పైలు, గుడ్డు శాండ్‌విచ్‌లు, ప్లమ్ పళ్ళ కేకు పరిచారు. గుర్రాలు కంచె పక్కన వరసగా నిలబడ్డాయి, ట్రీకిల్ మామూలుగానే దూరంగా, ఒంటరిగా. గ్విలిమ్ పెద్దగా మాట్లాడని మనిషి. టోపీ చేతిలో పట్టుకుని అన్నాడు.

"నాకు అందగత్తెలు అక్కర్లేదండీ. మా పిల్లలు అరుస్తారు, చేతులు విసురుతారు, ఒక్కోసారి జూలు పట్టుకుని పీకుతారు. ఓర్చుకునే గుర్రం చాలు."

హిలరీ ఒక్కో గుర్రాన్నీ పెళ్ళికూతురిని చూపించినట్టు చూపిస్తోంది. అప్పుడు ఎనిడ్ కుంటుకుంటూ ట్రీకిల్‌ను నడిపించుకుని మధ్యలోకి వచ్చింది. జనం ప్లేట్లతో సహా వెనక్కి తగ్గారు.

"ఇ... ఇది... ట్రీ..."

"ట్రీకిల్! తెలుసమ్మా. తుంటి నొప్పిగా ఉందా? ఇంటికెళ్ళిపోతావా?" అంది హిలరీ.

"కా... కాదు. ఇది త... తన్న..."

"తన్నిందా! ఎవర్ని? గ్విలిమ్ గారూ, మీరు ఇటు జరగండి, దీని సంగతి మీకు తెలీదు. ఎవరన్నా దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండర్రా!"

నేను బల్ల మీంచి లేచాను. ఎనిడ్ నా వైపు ఒక్క చూపు చూసింది. నోట్లో పోర్క్ పై ముక్క ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు నా మాట నిలబెట్టుకునేదాన్ని కాదు. మళ్ళీ కూలబడ్డాను.  ఎనిడ్ ఇప్పుడు వెనుదిరిగితే ట్రీకిల్ సంతకే పోతుంది.

ఎనిడ్ వెనుదిరిగింది. కానీ పోలేదు. గోడిగ తోక దగ్గరికి నడిచింది. రిబ్బను ముడి విప్పింది. దాన్ని తన కోటు చేతికి చుట్టి, ఒక కొస పళ్ళతో పట్టుకుని బిగించి కట్టుకుంది. తర్వాత సరిగ్గా ఆ వెనక కాళ్ళు తన్నగల చోట నిలబడి, ట్రీకిల్‌కు వీపు ఆనించి, మా వైపు తిరిగింది.

"త..."

హిలరీ నోరు తెరిచింది. ఎనిడ్ అరచెయ్యి పైకెత్తింది. బడి వంటింటి ముందు తోసుకునే పిల్లల్ని ఆపినట్టే ఎత్తింది. అక్కడున్నవాళ్ళలో సగంమంది ఆ చెయ్యి ఎరిగినవాళ్ళేమో, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. హిలరీ ఎరగకపోయినా నోరు మూసుకుంది. మేం ఎదురుచూశాం. ఎనిడ్ మెడ నరాలు బిగుసుకున్నాయి, పెదాలు వణికాయి, కళ్ళు మూసుకుంది. జాము సీసా మీద కందిరీగలు ముసురుతున్నాయి. ఎవరూ వాటిని తోలలేదు.

"తన్నదు," అంది ఎనిడ్. "ఎ... ఎప్పుడూ ఎవర్నీ తన్నలేదు. దూరంగా ఉండమన్నది ఇది కాదు. నే... నేను."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో అడిగారు, "మరి నీ మోకాలో, టెరెన్సూ?"

"అది... వేరే గుర్రమేమో," అన్నాడు టెరెన్స్. పొలమంతా ఘొల్లుమంది.

హిలరీ నవ్వలేదు. "ఎనిడ్, ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చె... చెప్పాను. మొదటి రోజే మొ... మొదలుపెట్టాను. నువ్వు పూర్తి చేసేశావు."

హిలరీ మొహం కందగడ్డలా అయింది. గడ్డికట్ట మీద చతికిలబడి, "నా నోరు పడిపోను," అంది, ఎవరితోనో కాదు, తనతోనే. నాకు ఆవిడ మీద జాలేసింది. అంతలోనే, బాగా అయింది అనిపించింది కూడా. రెండూ నిజమే.

ఈ గొడవతో తనకు సంబంధం లేనట్టు గ్విలిమ్ వెళ్ళి ట్రీకిల్ తోక పట్టుకు లాగాడు. వెనక కాలు ఎత్తి డెక్క మీద తట్టాడు. ఇనుప బకెట్టు తీసి దాని పక్కనే దభీమని పడేశాడు. మిగతా గుర్రాలన్నీ ఉలిక్కిపడ్డాయి, నా మేజర్ అయితే కేకు బల్ల మీదికి రాబోయాడు. ట్రీకిల్ ఆ బకెట్టులోకి మూతి పెట్టి, ఏమీ లేకపోయేసరికి ఆయన జేబు వాసన చూసింది.

"ఈ మంగళవారం కాక పై మంగళవారం తీసుకురండి, ఎనిడ్ గారూ," అన్నాడు. "దాని తల దగ్గర మీరు నడుస్తానంటేనే."

ఎనిడ్ తలూపింది. కోటు చేతికున్న రిబ్బనుతోనే ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ ఆఖరి స్వారీ. అలవాటు చొప్పున వరస చివరికి వెళ్ళి నిలబడింది. హిలరీ ముందు నుంచి తన గుర్రాన్ని తిప్పుకొచ్చి ట్రీకిల్ పక్కన నిలిపింది. "దారి చూపించడానికి ఇవాళ బెరిల్ ఉందిగా," అంది. నాకు దారులు సరిగ్గా తెలియవని అందరికీ తెలుసు. అయినా అందరూ నా వెనకే కదిలారు. రెండుసార్లు తప్పు దారిలో తీసుకెళ్ళాను. గేటు గేటుకీ ఆగి వెనక్కి చూస్తే, ఆ రెండు గుర్రాలూ భుజాలు రాసుకుంటూ వస్తుండేవి. ఒకసారి ఎనిడ్ ఏదో చెబుతూ ఆగిపోయింది. హిలరీ రెండు పెదాలూ పళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆగింది. పాపం, తుమ్ము ఆపుకుంటున్నట్టుంది ఆవిడ మొహం.

సాయంత్రం జీను దించడానికి సాయం చేద్దామని ఎనిడ్ కొట్టంలోకి వెళ్ళాను. ఆవిడ ట్రీకిల్ మెడకు మొహం ఆనించి ఏడుస్తోంది.

"ఏమైందే? ఆఖరి స్వారీ అనా? మంగళవారం నుంచి దీనితో నడుస్తూనే ఉంటావుగా."

"అది కాదు. దీని చె... చెవులు చూశావా, బెరిల్?"

చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? దారంతా ట్రీకిల్ చెవులు నిటారుగా నిలబెట్టుకుని నడిచింది. మధ్యమధ్య హిలరీ గుర్రం మెడను మూతితో గిల్లింది. కొండ దిగేటప్పుడు పరుగు కూడా తీయబోయింది. పదేళ్ళలో ఆ నిదానపు గోడిగ అంత హుషారుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"గుర్రానికి తో... తోడు కావాలని చిన్న పిల్లలకి కూడా తెలుసు. నాకు హాయిగా ఉందని, దీన్ని పదేళ్ళు ఒం... ఒంటరిగా నడిపించాను. అది ఒక్కసారి కూడా మొ... మొరాయించలేదే."

 జీను దించి కట్టె మీద పెట్టాను. గడ్డి విదిల్చాను. ఎనిడ్ వీపు మీద చెయ్యి వేశాను. మేమిద్దరం ముసలివాళ్ళమైపోయామని, ఈ మనిషంటే నాకు ప్రాణమని, రెండూ ఒకేసారి తెలిశాయి.

"గ్విలిమ్ పద్ధతి తెలుసుగా," అన్నాను చివరికి. "పిల్ల ఎక్కాక తల దగ్గర ఒకరు, ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు పట్టుకు నడవాలి. ఇకమీదట ట్రీకిల్ ఒంటరిగా నడుస్తానన్నా కుదరదు. ఎడమవైపు హిలరీ, ఇందాకే పేరిచ్చింది."

ఎనిడ్ కళ్ళు తుడుచుకుంది. "కు... కు..."

ఆగాను. పొట్ట ఉబ్బిపోయేదాకా ఆగాను.

"కుడివైపు?"

"ఇంకెవరే, నేనే. కాకపోతే హిలరీలా పెదాలు బిగించుకుని నడవడం నావల్ల కాదు, ముందే చెబుతున్నా."